చెవి ఒప్పుకునే దాకా

ఈసారి ఊరెళ్లినప్పుడు అటక ఎక్కండి. అమలాపురం, రాజోలు, కొత్తపేట చుట్టుపక్కల పాత పెంకుటిల్లో మండువా లోగిలో ఇంకా మిగిలి ఉన్నవాళ్లకి చెబుతున్నాను. గంగాళాల వెనకాల, చెదలు తిన్న పుస్తకాల కట్టల పక్కన, పాత పంచె చుట్టిన పొడుగాటి వస్తువు ఒకటి గోడకి జారగిలబడి ఉండొచ్చు. విప్పి చూస్తే తంబుర. కొన్ని ఇళ్లలో అదే నల్లటి పెట్టెలో వయొలిన్ అవుతుంది. ఎవరిదని అడిగితే "మీ ముత్తాతగారిది, ముట్టుకోకు" అంటారు. ముట్టుకోండి. జాగ్రత్తగా కిందికి దించండి.

పొద్దున్నే అయిదింటికి లేవండి, లక్ష్యాలు కాగితం మీద రాసుకోండి అని చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. వాళ్ల సలహాలు వాళ్లవి. నా సలహా ఒక్కటే. మెట్లు లేని పాత వాద్యం ఒకదాన్ని చేతుల్లోకి తీసుకుని మళ్లీ పలికించండి. సంగీతం రాకపోయినా ఫరవాలేదు. ఆ పని పూర్తయ్యేసరికి, ఇంకొకరు చెప్పకుండానే ఏది సరైనదో ఏది కాదో మీ అంతట మీరు తేల్చుకునే శక్తి పెరుగుతుంది. ఇవాళ మన పిల్లల్లోనూ, మనలోనూ అన్నిటికన్నా తక్కువగా ఉన్నది అదే.

వీణ దండి మీద 24 మెట్లుంటాయి. మెట్టు మీద వేలు నొక్కి మీటితే దాని స్వరం అది పలుకుతుంది. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్యది పన్నెండు మెట్ల కిన్నెర. తంబురకి మెట్లు లేవు. వయొలిన్‌కి లేవు, గోటువాద్యానికి లేవు. అమెరికావాళ్ల బాంజోకీ మొదట్లో లేవు. 19వ శతాబ్దం చివరి పాతికేళ్లలోగాని మెట్ల బాంజో మామూలు కాలేదు. వయొలిన్ మీద వేలు వెంట్రుకవాసి జరిగితే స్వరం తప్పుతుంది. తంబుర తీగ వెంట్రుకవాసి సడలితే శ్రుతి తప్పుతుంది. తప్పిందని చెప్పడానికి వాద్యం మీద గుర్తేమీ ఉండదు, చెవే చెప్పాలి.

మన చదువుల్లో, ఉద్యోగాల్లో మెట్లకి కొదవ లేదు. ఎల్‌కేజీ నించీ మార్కులు. ఆ తర్వాత పదో తరగతి, ఎంట్రన్స్ ర్యాంకు, క్యాంపస్ సెలెక్షన్, జీతం, ప్రమోషన్. అమెరికా వెళ్తే వీసా, గ్రీన్‌కార్డు. వేలు ఎక్కడ పెట్టాలో ఎవరో ముందే గీసి ఉంచుతారు. మెట్లు చెడ్డవని నేననను. అవి లేకపోతే వీణే లేదు. కానీ ముప్ఫయ్యో నలభయ్యో ఏళ్లు వచ్చేసరికి చాలామందికి మెట్లు అయిపోతాయి. ఈ ఉద్యోగం మానెయ్యాలా? అమ్మని ఊళ్లో ఒంటరిగా ఉంచాలా? ఆ రెండెకరాల కొబ్బరితోట అమ్మాలా? పిల్లాడికి లెక్కలంటే ఇష్టం లేదు, ఏం చెయ్యాలి? వీటికి ర్యాంకులిచ్చే బోర్డు లేదు. అక్కడికొచ్చేసరికి తెలివైనవాళ్లు కూడా గాభరాపడి, పక్కింటివాళ్లు ఏం చేశారో కనుక్కుని అదే చేసేస్తారు. చెవిని ఎప్పుడూ వాడకపోవడం వల్ల వచ్చిన కష్టమిది.

అసలు వీణకి మెట్లు ఎవరు పెట్టారు? బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనస మొద్దుని తొలిచి వీణ చేస్తారు. ఒకే మొద్దులోంచి తీసే ఏకాండి వీణలకి ఆ ఊరు పెట్టింది పేరు. వీణ అంతా తయారయ్యాక దండి పొడుగునా నల్లటి మైనం పట్టిస్తారు. తేనెమైనంలో బొగ్గుపొడి, గుగ్గిలం లాంటివి కలిపి చేసిన మైనం అది. మైనం మెత్తగా ఉండగానే ఒక్కొక్క మెట్టూ అందులో నిలబెడతారు. తీగ మీటి వింటారు. గోరంత పైకి జరుపుతారు, మళ్లీ వింటారు. చెవి ఒప్పుకున్నాకే నొక్కి స్థిరం చేస్తారు. దీన్నే మేళం కట్టడం అంటారు. ఏళ్లు గడిచి మైనం ఎండి పగిలితే మెట్లన్నీ ఊడదీసి మళ్లీ మొదటినించీ కట్టాలి. అంటే మెట్లున్న వీణ వెనకాల, మెట్లు లేకుండా విన్న మనిషి ఒకడున్నాడు. మీ మార్కుల వెనక, మీ అప్రైజల్ వెనక కూడా ఒక మనిషి కూర్చుని ఇది నయం, ఇది కాదు అని తేల్చాడు. జీవితమంతా తేల్పించుకునే వైపే ఉండిపోతారా, ఎప్పటికైనా తేల్చే వైపు కూర్చుంటారా?

విజయనగరంలో 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి అధ్యక్షులు. అక్కడ వయొలిన్ నేర్చుకుందామని ద్వారం వెంకటస్వామినాయుడు వెళ్లారు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్ల పైమాట. ఆయన వాయించగా విన్న నారాయణదాసుగారు విద్యార్థిగా కాదు, ఆచార్యుడిగా చేర్చుకున్నారు. 1936లో ఆ కళాశాలకి ఆయనే అధ్యక్షుడయ్యారు. నాయుడుగారికి చూపు బాగా మందం. కళ్లు అంతంతమాత్రం, చేతిలో మెట్లు లేని వాద్యం. అయినా పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ని ఒంటరి కచేరీల దాకా తెచ్చారు. ఈ కథలో ఇద్దరి గొప్పతనం ఉంది. దరఖాస్తు పక్కన పెట్టి చెవితో నిర్ణయం తీసుకున్న నారాయణదాసుగారిని కూడా మరిచిపోవద్దు. ఆ ధైర్యం ఉన్న మేనేజర్లు ఈ కాలంలో ఎంతమంది?

మన గడ్డ మీదే ఇంకో ఉదాహరణ ఉంది. రాజోలు సీమలోని శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ. తండ్రి పట్టాభిరామయ్యగారిది వేణువు, తల్లి సూర్యకాంతమ్మగారిది వీణ. లోకం ఆయన్ని గాయకుడిగా ఎరుగును గానీ, వయొలిన్ కన్నా కాస్త పెద్దదైన వయొలా చేతబట్టి కర్ణాటక సంగీతం పలికించినవాడు కూడా ఆయనే. గొంతుకి మాత్రం మెట్లెక్కడున్నాయి!

సరే, తంబుర దించారు. మొదటి వారం ఏమీ చెయ్యకండి.

ఇదే అన్నిటికన్నా కష్టమైన పని. చెయ్యి ఊరుకోదు. వార్నిష్ డబ్బా కొందామనిపిస్తుంది. కోనసీమలో అయితే దేనికైనా ముందు కొబ్బరినూనె రాయడం మనకి అలవాటు. ఆ సీసా దూరంగా పెట్టండి. పొడిగా ఉన్న మెత్తటి నూలుగుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. తర్వాత చూస్తూ కూర్చోండి. కుండ, దండి, పలక, తీగలు ఆనే గుర్రం, తీగలు బిగించే బిరడాలు, ఒక్కోదాన్నీ వెలుతురులో తిప్పి చూడండి. వేలి కణుపుతో కుండ మీద అంగుళం అంగుళం తట్టి వినండి. చెక్క గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది. పుచ్చు పట్టినచోట, అతుకు వదిలినచోట బొంగురుగా పలుకుతుంది. ఒక కాగితం మీద తంబుర బొమ్మ గీసి, అలా పలికిన చోట్లు గుర్తు పెట్టుకోండి. వారం తిరిగేసరికి దాని జబ్బేమిటో మీకే తెలుస్తుంది. మొదటిరోజు మీరు అనుకున్న జబ్బు అది కాదని కూడా తెలుస్తుంది. ఆఫీసులో ఒక సమస్య బల్ల మీదకి రాగానే అయిదు నిమిషాల్లో పరిష్కారం చెప్పేవాడిని చురుకైనవాడంటారు. ఆ చురుకుతో పాత కొయ్యని ముట్టుకుంటే అది జన్మలో మళ్లీ పలకదు.

కోనసీమలో వాద్యాలకి వేరే కష్టాలున్నాయి. మూడు వైపులా గోదావరి పాయలు, సముద్రం. గాలిలో తేమ ఏడాది పొడుగునా ఉంటుంది. 1986 ఆగస్టు వరదకి లంకల్లో ఇళ్లకి ఇళ్లు మునిగాయి. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకి కప్పులు లేచిపోయి అటకలు తడిశాయి. అప్పుడు తడిసి, తర్వాత ఎండి, మళ్లీ ఎవరూ తీసి చూడని వాద్యాలు మన ప్రాంతంలో ఉన్నాయి. అందుకని ఇక్కడి తంబురల్లో అతుకుల్నీ బిరడాల్నీ ముందు అనుమానించండి. వానాకాలంలో బిరడా ఉబ్బి ససేమిరా తిరగదు. వేసవిలో కుంచించుకుపోయి నిలవదు, బిగించిన తీగ మీ కళ్లముందే జారిపోతుంది. జారేదానికి సుద్దముక్క రుద్దండి, పట్టు వస్తుంది. బిగుసుకున్నదానికి పొడి సబ్బు పాముతారు. బలం పెట్టి తిప్పితే బిరడా విరుగుతుంది, ఒక్కోసారి దాన్ని పట్టుకున్న చెక్క కూడా చీలుతుంది. కదలనిదాన్ని చూడగానే బలం పెట్టకుండా కారణం వెతకడం పదిహేనేళ్ల పిల్లాడికి బిరడా దగ్గర అలవాటైతే, పెద్దయ్యాక మనుషుల దగ్గర కూడా పనికొస్తుంది.

కుండ దేంతో చేశారో చూసుకోండి. తంజావూరు పనివాళ్ల తంబురకి పనస కొయ్య కుండ ఉంటుంది. మహారాష్ట్రలోని మిరజ్ నుంచి వచ్చినదైతే ఎండిన పెద్ద సొరబుర్ర ఉంటుంది. బుర్ర దెబ్బకి ఓర్చుకోదు. చిన్న బీట ఉన్నా దాన్ని సొంతంగా ముట్టుకోకుండా వాద్యాలు బాగుచేసే పనివాడికి ఇవ్వండి. పనస కుండకి అతుకు విడితే మాత్రం మంచి వడ్రంగి చాలు. ఒక్క షరతు పెట్టండి: పాతకాలపు వేడి జిగురే వాడాలి. తోలూ ఎముకలూ మరిగించి తీసే ఆ జిగురుని మళ్లీ వేడీ తడీ తగిలించి విప్పుకోవచ్చు. ఇప్పటి తెల్ల జిగుర్లు, ఎపాక్సీలు పట్టాయంటే విప్పేటప్పుడు చెక్క లేచి వస్తుంది. యాభై ఏళ్ల తర్వాత ఇంకెవరో ఈ తంబుర బాగుచేస్తారు. మీరు చేసిన పని వాళ్లు విప్పుకోగలగాలి. ప్రపంచమంతటా మ్యూజియంలలో పాత వస్తువులు కాపాడేవాళ్లు పాటించే ముఖ్య నియమాల్లో ఇదొకటి. కొడుకు చదువు గురించో, ఇల్లు పంచుకోవడం గురించో తీసుకునే నిర్ణయాల్లో కూడా విప్పుకోగలిగినవి ఏవి, విప్పుకోలేనివి ఏవి అని ముందు వేరు చేసుకోండి. విప్పుకోగలిగినవాటికి ఎక్కువ ఆలోచించొద్దు. రెండో రకానికి మాత్రం ఎంత టైమైనా తీసుకోండి.

వడ్రంగి పని చేస్తున్నంతసేపూ పక్కనే కూర్చోండి, ఫోను జేబులో పెట్టి. విగ్రహాలకి పేరుపడ్డ కొత్తపేట లాంటి ఊళ్లున్న సీమ ఇది. చేతిపని తెలిసినవాళ్లకి ఇక్కడ లోటు లేదు, వాళ్ల పక్కన కూర్చునేవాళ్లకే లోటు. అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి.

ఇక తీగలు. నాలుగూ ఒక్కరోజే బిగించకండి. ఏళ్లతరబడి బరువు మోయని దండి మీద ఒక్కసారిగా లాగుడు పడితే మెడ అతుకు ఊడుతుంది. ఒక తీగ కట్టి, సగం శ్రుతికి లాగి వదిలెయ్యండి. మర్నాడు చూసి ఇంకాస్త. పంచమం, సారణి, అనుసారణి, మంద్రం. ఇవీ నాలుగు తీగల పేర్లు. మొదటిది పంచమానికి, మధ్యలో రెండూ షడ్జానికి, చివరిది కింది షడ్జానికి. నాలుగూ శ్రుతికి నిలబడ్డాక కూడా తంబుర పలకదు. టక్కు టక్కుమని కొయ్యలాగే ఉంటుంది. కంగారుపడకండి. దానికింకా ప్రాణం పొయ్యలేదు.

ప్రాణం పోసేది ఒక నూలుపోగు. తంబుర గుర్రం వెడల్పుగా, పైన అతికొద్ది వంపుతో ఉంటుంది. తీగ ఆ వంపుని ఒరుసుకుంటూ పోతుంది. తీగకీ గుర్రానికీ మధ్య పోగు దూర్చి, రెండు కొసలూ ఎడమచేతి వేళ్లతో పట్టుకోండి. కుడిచేత్తో తీగ మీటుతూ ఉండండి. పోగుని గుర్రం మీద మెల్లిగా, చాలా మెల్లిగా జరపండి. ఒకచోట తీగ చిరచిరలాడుతుంది. ఇంకొంచెం జరిపితే గొంతు పూడుకుపోయినట్టవుతుంది. ఈ రెంటి నడుమ, బియ్యపుగింజలో సగం కూడా లేని జాగాలో, తీగ ఒక్కసారిగా విచ్చుకుంటుంది. ఒక్క మీటుకి నాదం గదంతా నిండి, కొసలో పై స్వరాలు ఒకదాని తర్వాత ఒకటి లేచి వస్తాయి. మంద్రం తీగ మీద శ్రద్ధగా వింటే ఎవరూ మీటని అంతర గాంధారం దానంతటదే పలుకుతుంది. ఈ పోగుకే జీవ అని పేరు. నాలుగు తీగలకీ నాలుగు పోగులు, నాలుగుసార్లు ఈ వెతుకులాట. కొలబద్ద ఇక్కడ పనికిరాదు. ఫోనులో ట్యూనరు శ్రుతి చెబుతుంది గానీ నాదం విచ్చుకుందో లేదో చెప్పదు.

విశాఖపట్నంలో పెరిగి పెద్దవాడైన సి.వి.రామన్ ఈ తంబుర గుర్రం మీద పరిశోధన చేశారు. తీగని ఏ బిందువు దగ్గర మీటితే ఆ బిందువు దగ్గర కదలకుండా ఉండాల్సిన పై స్వరాలు పుట్టకూడదని అప్పటికి యూరప్ శాస్త్రవేత్తల సూత్రం. తంబురలో, వీణలో అవి నిక్షేపంగా పలుకుతున్నాయని, దానికి ఆ గుర్రం వంపే కారణమని 1921లో ఆయన ప్రకటించారు. పేరూ ఊరూ తెలియని పనివాళ్లు తరతరాలుగా చెవితో పట్టుకున్నదాన్ని ఆయన ప్రయోగంతో చూపించారు. రామన్‌కి కూడా మొదట చెవే చెప్పింది. పుస్తకంలో రాకూడదని ఉన్న స్వరం తనకి వినిపిస్తుంటే, పుస్తకాన్ని కాకుండా చెవిని నమ్మి ముందుకెళ్లారు.

ఇంత మంచి వాద్యం అటకెందుకు ఎక్కింది? 1979లో బెంగళూరులో జి.రాజ్‌నారాయణ్ ఎలక్ట్రానిక్ తంబుర తయారుచేశారు. రైళ్లలో, బస్సుల్లో ఊరూరా తిరిగే విద్వాంసులకి అది పెద్ద ఉపకారం. తర్వాత ఫోనులోకే తంబుర వచ్చింది. వాటిని వాడుకునేవాళ్లని తప్పుపట్టను. అయితే మీట నొక్కితే తయారైన శ్రుతి వస్తుంది కాబట్టి, పాటకి ముందు పది నిమిషాలు కూర్చుని శ్రుతి చేసుకునే పని పోయింది. నా ఉద్దేశంలో సంగీతం నేర్చుకునే పిల్లలకి అన్నిటికన్నా విలువైన పది నిమిషాలు అవే. మీ తంబుర సిద్ధమయ్యాక రోజూ ఆ పది నిమిషాలు మీరు తీసుకోండి. పాడక్కర్లేదు. శ్రుతి చేసి, కాసేపు మీటి, పెట్టెయ్యండి. నెల్లాళ్లు గడిస్తే మీటింగులో ఎవరి మాట శ్రుతి తప్పిందో, మీ మాట ఎక్కడ తప్పిందో ముందుకన్నా తొందరగా తెలుస్తుంది.

బాగుచేయడంలో అసలు పరీక్ష దేన్ని బాగుచేయకూడదన్న దగ్గర వస్తుంది. దండి మీద ఒకచోట బొటనవేలు ఆనీ ఆనీ నున్నగా అరిగి ఉంటుంది. పలక మీద ఎవరో పిల్లాడు మేకుతో గీసిన గీత ఉంటుంది. వాటిని సాపు చెయ్యకండి. అవి ఆ వాద్యం బతికిన బతుకు. అమెరికాలో మెట్లు లేని పాత బాంజోలు సేకరించేవాళ్లకి ఇదే చిక్కు ఎదురవుతుంది. 1840లలో బాల్టిమోర్‌లో విలియం బౌచర్ చేసిన బాంజోలు ఇవాళ మ్యూజియంలలో ఉన్నాయి. ఆ కాలపు బాంజోలకి తర్వాతి సొంతదారులు ఫ్యాషన్ మారిందని మెట్లు కొట్టించుకున్నారు. ఇప్పుడు ఆ మెట్లు పీకి మొదటి రూపానికి తేవాలా, లేక మెట్లు కూడా దాని చరిత్రేనా? దీనికి రూలు లేదు. నన్నడిగితే, ఆ మెట్లతో ఎవరో నిజంగా వాయించి ఉంటే వాటిని ఉంచాలి. అంగట్లో ధర కోసం కొట్టించినవైతే తియ్యొచ్చు. మీరు వేరేలా తేల్చవచ్చు. తేల్చడమే ముఖ్యం.

బాంజో కథలో మనం ఆలోచించాల్సింది ఇంకా ఉంది. ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన మనుషులు సొరబుర్రకి తోలు బిగించి, కర్ర గుచ్చి, తీగలు కట్టిన వాద్యమది. కాలక్రమాన అది తెల్లవాళ్ల వాద్యంగా జనం మనసుల్లో స్థిరపడిపోయింది. 19వ శతాబ్దంలో విక్టర్ షోల్షేర్ హైతీ నుంచి తెచ్చిన బంజా ఒకటి పారిస్ మ్యూజియంలో భద్రంగా ఉంది. అలాంటి పాత వాద్యాల్ని వెతికి, బాగుచేసి, నమూనాలు చేసి వాయించినవాళ్ల వల్ల అసలు కథ మళ్లీ బయటికొచ్చింది. రియానన్ గిడెన్స్ అనే నల్లజాతి గాయని 1858 నాటి మెట్లు లేని బాంజో నమూనాతో వేదికలెక్కుతుంటే, ఆ చేతులు ఎవరివో వినేవాళ్లకి గుర్తొస్తోంది.

మనకీ అలాంటి చేతులున్నాయి. గోదావరి డెల్టాలో సంగీతాన్ని, నాట్యాన్ని తరాల తరబడి మోసినవాళ్లు కళావంతుల కుటుంబాల స్త్రీలు. 1947లో మద్రాసు రాష్ట్రం దేవదాసీ సమర్పణని నిషేధిస్తూ చట్టం చేసింది. అన్యాయమైన ఆచారం పోయింది, కానీ దాంతోపాటు ఆ స్త్రీల విద్య మీద కూడా మచ్చ పడింది. ఎన్నో ఇళ్లలో వాద్యాలు మూలపడ్డాయి, వాటి గురించి మాట్లాడటమే మానేశారు. మీకు దొరికిన తంబురో వీణో అలాంటి ఇంటినుంచి వచ్చినదైతే ఆ సంగతి దాచకండి. ఆ ఇంటివాళ్లు ఇష్టపడితే వాయించినావిడ పేరు రాసి పెట్టండి. "జమీందారుగారి వీణ" అని చెప్పుకోవడానికి బాగుంటుంది. నిజం అది కాకపోతే అలా చెప్పకండి.

సేకరణ మొదలుపెట్టాలనుకునేవాళ్లకి కొన్ని మాటలు. గోడకి తగిలించిన పది మూగ వాద్యాల కన్నా పలికే ఒక్కటి మేలు. మొదటిది పలికేదాకా రెండోది కొనకండి. పాత వయొలిన్ దొరికితే లోపల చీటీ చూస్తారు, దాని మీద స్ట్రాడివేరియస్ అని లాటిన్‌లో ఉంటుంది, రాత్రికి నిద్రపట్టదు. నిద్రపోండి. జర్మనీలోని మార్క్‌నాయ్‌కిర్షెన్, ఫ్రాన్స్‌లోని మిర్కూర్ లాంటి ఊళ్లలో వంద, నూట యాభై ఏళ్ల కిందట గుట్టలు గుట్టలుగా చేసి ప్రపంచమంతా పంపిన వయొలిన్లకి ఆ చీటీలు అంటించారు. అసలు స్ట్రాడివరి 1737లోనే పోయాడు. చీటీ అబద్ధమని దాన్ని మూల పారెయ్యొద్దు. తీగలు కట్టించి వినండి. వాటిలో చక్కగా పలికేవీ ఉన్నాయి. కాలేజీ పేరు చూసి మనిషిని ఎత్తెయ్యడం, పేరు లేదని దించెయ్యడం అలవాటైనవాళ్లు ఈ వయొలిన్ని కొన్నాళ్లు ఇంట్లో పెట్టుకోవాలి.

ఇల్లు అమ్ముకుంటున్నవాళ్ల దగ్గర కొనేటప్పుడు, వస్తువు విలువ మీకు తెలిసి వాళ్లకి తెలియకపోతే ముందు ఆ విలువ చెప్పి, తర్వాత బేరం మొదలుపెట్టండి. దంతపు పని ఉన్న వాద్యాన్ని కొనొద్దు. దంతం కొనడం, అమ్మడం వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నిషేధం. డల్లాస్‌లో ఉన్న అబ్బాయి తాతగారి తంబుర పట్టుకెళ్తానంటే దాని వయసు చూడండి. వందేళ్లు దాటినవి 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం పురావస్తువులు, వాటిని దేశం దాటించకూడదు. అబ్బాయే సెలవులకి వచ్చి ఇక్కడ మీటుకోవాలి.

ఒక నోటుపుస్తకం పెట్టండి. వాద్యం ఎవరిది, ఎవరి చేతి నుంచి వచ్చింది, దొరికినప్పుడు ఎలా ఉంది, ఏ నెలలో ఏం చేశారు, ఏ జిగురు వాడారు, ఏది కావాలనే వదిలేశారు, ఎందుకు వదిలేశారు. ఈ చివరిది తప్పకుండా రాయండి. అతికించకుండా వదిలిన బీట పక్కన కారణం లేకపోతే, తర్వాతివాడు మీరు చూడలేదనుకుని దాన్ని పూడ్చేస్తాడు.

తంబుర పలికాక ఇంట్లో అద్దాల బీరువాలో పెట్టకండి. వాడని వాద్యం మళ్లీ మూగబోతుంది. మీ ఊళ్లో సంగీతం చెప్పే అమ్మగారో మాస్టారో ఉంటే అడగండి. గౌతమి ఒడ్డున కపిలేశ్వరపురంలో 1973లో పెట్టిన సర్వారాయ హరికథ పాఠశాల ఉంది. నేర్చుకుంటున్న పిల్లలు ఎక్కడున్నారో కనుక్కుని ఏడాదికో రెండేళ్లకో వాడుకోవడానికి ఇవ్వండి. నోటుపుస్తకం కూడా దాంతోపాటే ఇవ్వండి, వాళ్లు చేసింది వాళ్లు రాస్తారు. కారులో తీసుకెళ్లేటప్పుడు నాలుగు తీగలూ కొంచెం వదులు చేసి, పోగులు ఊడదీసి కాగితంలో చుట్టి పెట్టుకోండి. డిక్కీలో పెట్టొద్దు, మే నెల ఎండకి అతుకుల జిగురు మెత్తబడుతుంది. వెనకసీట్లో కుండ కింద తలగడ వేసి పడుకోబెట్టండి, పక్కన ఒక మనిషి కూర్చుని పట్టుకోవాలి. రావులపాలెం దాటాక గతుకులుంటే నెమ్మదిగా పోనివ్వమని డ్రైవర్‌కి ముందే చెప్పండి.